ఫలితం తెలిశాక అందరూ సెలెక్టర్లే

2017 ఏప్రిల్ 27 రాత్రి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ వార్షిక డ్రాఫ్ట్ మొదలైంది. రెండో ఎంపికతో షికాగో బేర్స్ జట్టు మిచెల్ ట్రుబిస్కీ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. అదే స్థానంలో ఆడే ప్యాట్రిక్ మహోమ్స్ పదో ఎంపికగా కాన్సస్ సిటీ చీఫ్స్‌కు వెళ్లాడు. ఆ తర్వాత ఏడేళ్లు తిరగకముందే మహోమ్స్ మూడు సూపర్ బౌల్ టైటిళ్లు గెలిచాడు. ట్రుబిస్కీ నాలుగు సీజన్లు ఆడి షికాగో వదిలి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి షికాగో అభిమానులను ఒకే ప్రశ్న వేధిస్తోంది: కళ్లెదుట మహోమ్స్ ఉండగా ట్రుబిస్కీని ఎలా ఎంచుకున్నారు? క్రీడాచరిత్రలో ఘోరమైన పొరపాట్ల జాబితా ఎవరు రాసినా ఈ ఎంపికకు అందులో చోటు దొరుకుతుంది. అయితే నిర్ణయాల గురించి మనస్తత్వ శాస్త్రం, ఆర్థిక శాస్త్రం గత యాభై ఏళ్లలో తెలుసుకున్న సంగతులను పక్కన పెట్టి చూస్తే ఈ విమర్శ గురి తప్పుతుంది. షికాగో ఆ రాత్రి తప్పు చేసిన మాట నిజమే. కానీ అందరూ వేలెత్తి చూపే చోట కాదు.

డ్రాఫ్ట్ అంటే ఏమిటి?

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ ఆడే అమెరికన్ ఆట. క్వార్టర్‌బ్యాక్ ఆ ఆటకు సూత్రధారి. బంతి ఎవరికి అందాలో క్షణాల్లో తేల్చేది అతనే. లీగ్‌లో 32 జట్లున్నాయి. కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్లను అవి ఏటా ఏడు రౌండ్లలో పంచుకుంటాయి. ముందటి సీజన్‌లో అందరికంటే వెనుకబడిన జట్టుకు మొదటి ఎంపిక, విజేతకు చివరి ఎంపిక. ఐపీఎల్ వేలంలో డబ్బు మాట్లాడితే, ఇక్కడ వరుస మాట్లాడుతుంది. మన ఇండియన్ సూపర్ లీగ్ కూడా 2014లో మొదలైనప్పుడు భారతీయ ఆటగాళ్లను డ్రాఫ్ట్ పద్ధతిలోనే పంచింది.

వరుసలో తమ స్థానాన్ని జట్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు కూడా. ముందుకు జరగాలనుకునే జట్టు తన దగ్గరున్న మరికొన్ని ఎంపికలను బదులుగా వదులుకుంటుంది. ఈ చర్చకు అసలు కీలకం ఇదే.

తొమ్మిది జట్లూ తెలివితక్కువవేనా?

మహోమ్స్‌ను వదిలేసింది షికాగో ఒక్కటే కాదు. అతని పేరు పిలిచేలోపు తొమ్మిది ఎంపికలు జరిగిపోయాయి. క్లీవ్‌లాండ్, శాన్‌ఫ్రాన్సిస్కో, జాక్సన్‌విల్, టెన్నెసీ, న్యూయార్క్ జెట్స్, చార్జర్స్, కరొలైనా, సిన్సినాటీ జట్లు కూడా వేరే ఆటగాళ్లనే కోరుకున్నాయి. కొన్నింటికి క్వార్టర్‌బ్యాక్ అవసరం లేదు, కొన్నింటికి ఉంది. పరిశీలకులను దేశమంతా తిప్పి, వందల గంటల వీడియోలు చూసి, ఆటగాళ్లతో మాట్లాడి వచ్చిన జట్లే అన్నీ. ఒక జట్టు పొరబడితే అసమర్థత అనవచ్చు. ఇందరి చూపు ఒకే చోట తప్పిందంటే, అక్కడ కనిపించాల్సినది అప్పటికి స్పష్టంగా లేదని అర్థం చేసుకోవడం సబబు.

టామ్ బ్రాడీ కథ ఇంకా పాతది. 2000 డ్రాఫ్ట్‌లో అతను ఆరో రౌండ్‌లో 199వ ఎంపిక. అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికయ్యారు. తర్వాత అతను ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. అతన్ని తీసుకున్న న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ దూరదృష్టిని ఇప్పటికీ పొగుడుతుంటారు. కానీ ఆ జట్టే అదే డ్రాఫ్ట్‌లో అతనికంటే ముందు మరో ఆరుగురిని ఎంచుకుంది. బ్రాడీ ఏమవుతాడో నిజంగా తెలిసి ఉంటే 199 దాకా ఆగేవారా? 2001 సెప్టెంబరులో జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సో గాయపడకపోతే బ్రాడీకి అవకాశం ఎప్పుడు వచ్చేదో ఎవరు చెప్పగలరు?

1814 నాటి యుద్ధం చెప్పిన పాఠం

జరిగిపోయిన సంగతి ముందే తెలిసినట్టు అనిపించడాన్ని వెనుచూపు పక్షపాతం అనవచ్చు. దీన్ని ప్రయోగంతో పట్టుకున్నవాడు బరూక్ ఫిష్‌హాఫ్. 1975లో అచ్చయిన ఆయన పరిశోధనలో వాడిన ఒక ఉదాహరణ దక్షిణాసియా చరిత్రలోనిది. 1814లో బ్రిటిష్ సేనలకూ గూర్ఖాలకూ మొదలైన పోరు గురించి కొందరికి ఒక వ్యాసం ఇచ్చారు. బ్రిటిష్ గెలుపు, గూర్ఖాల గెలుపు, ఒప్పందంతో ముగిసిన ప్రతిష్టంభన, ఒప్పందం లేని ప్రతిష్టంభన - ఈ నాలుగింటిలో ఏది ఎంత సాధ్యమో అంచనా వేయమన్నారు. కొన్ని బృందాలకు మాత్రం 'అసలు జరిగింది ఇదీ' అని ఒక ఫలితం చెప్పారు. ఒక్కో బృందానికి ఒక్కో ఫలితం. ఆ సంగతి తెలియనట్టే భావించి జవాబివ్వమన్నా, ఏ బృందానికి ఏ ఫలితం చెప్పారో ఆ ఫలితమే వాళ్లకు ఎక్కువ సాధ్యంగా కనిపించింది.

అంతకంటే ఆసక్తికరమైన విషయం మరొకటుంది. వ్యాసంలోని ఏ వివరం ముఖ్యమైనదన్న అభిప్రాయం కూడా చెప్పిన ఫలితాన్ని బట్టి మారిపోయింది. వాక్యాలు అవే. ముగింపు మారగానే వాటి బరువు మారింది.

డ్రాఫ్ట్ నివేదికలకూ ఇదే జరుగుతుంది. కాలు నిలకడగా పెట్టకుండా, ఏ కోణం నుంచైనా బంతి విసిరే మహోమ్స్ అలవాటు 2017లో క్రమశిక్షణ లోపంగా కనిపించింది. టైటిళ్లు వచ్చాక అదే ప్రతిభకు ఆనవాలైంది. బ్రాడీ 40 గజాలు పరుగెత్తడానికి 5.28 సెకన్లు తీసుకున్నాడు. ఆ అంకె ఒకప్పుడు అతన్ని వెనక్కి నెట్టిన కారణాల్లో ఒకటి, ఇప్పుడు సెలెక్టర్ల గుడ్డితనానికి రుజువు. ట్రుబిస్కీ కాలేజీలో ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది 13 మ్యాచ్‌లే. అతను రాణించి ఉంటే ఆ 13 మ్యాచ్‌లలోనే ఆణిముత్యాన్ని గుర్తించారని షికాగోను మెచ్చుకునేవారు.

అసలు 2018 చివర్లో ఈ తీర్పు ఇంత తేలిగ్గా లేదు. ఆ సీజన్‌లో షికాగో 12 మ్యాచ్‌లు గెలిచి నాలుగే ఓడింది. ట్రుబిస్కీ ప్రో బౌల్‌కు కూడా వెళ్లాడు. ప్లేఆఫ్‌లో ఫిలడెల్ఫియా చేతిలో 16-15తో ఓడిపోయింది. ఆఖరి క్షణాల్లో షికాగో కొట్టిన బంతి గోల్ స్తంభానికి, తర్వాత అడ్డుకడ్డీకి తగిలి బయట పడింది. ఆ బంతి కొన్ని అంగుళాలు లోపలికి వెళ్లి ఉంటే ఆ ఏడాది కథను మరోలా చెప్పుకునేవారు.

తప్పు పేరులో లేదు, ధరలో ఉంది

అలాగని జట్టు యాజమాన్యాలను ఎవరూ విమర్శించకూడదా? తప్పకుండా విమర్శించాలి. అయితే ఆ విమర్శ నిర్ణయం జరిగిన రోజున కూడా చేయగలిగినదై ఉండాలి.

షికాగో మొదట మూడో స్థానంలో ఉంది. ఒక్క మెట్టు పైకి, రెండో స్థానానికి ఎక్కడానికి ఆ మూడో ఎంపికతో పాటు 67వ, 111వ ఎంపికలను, మరుసటి ఏడాది మూడో రౌండ్ ఎంపికను శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చింది. అంటే ఒక్క మెట్టు ఖరీదు మూడు ఎంపికలు.

ఇలాంటి బేరాలను కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు అప్పటికే శల్యపరీక్ష చేశారు. వారిలో థేలర్‌కు 2017లోనే ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. 2013లో అచ్చయిన వారి పరిశోధన ప్రకారం జట్లు తొలి ఎంపికలకు వాటి అసలు విలువకు మించిన ధర చెల్లిస్తున్నాయి. అందుకు కారణం అతివిశ్వాసం: ఎవరు మెరుగైన ఆటగాడో తమకు తెలుసన్న నమ్మకం. నిజానికి ఒక స్థానానికి ఎంపికైన ఆటగాడు, అదే స్థానానికి అతని తర్వాత ఎంపికైన వాడికంటే మెరుగ్గా రాణించే అవకాశం వాళ్ల లెక్కలో దాదాపు 52 శాతమే. బొమ్మా బొరుసూ వేసినదానికంటే పిసరంత ఎక్కువ.

ఇంత అనిశ్చితి ఉన్నప్పుడు చేతిలో ఎక్కువ ఎంపికలు ఉంచుకోవడమే తెలివైన పని. ఊహకు ఒక లెక్క వేయవచ్చు. వదులుకున్న మూడు ఎంపికల్లో ఒక్కొక్కటి మంచి ఆటగాడిని తెచ్చే అవకాశం నాలుగింట ఒక వంతే అనుకుందాం. మూడూ విఫలమయ్యే అవకాశం 64లో 27. అంటే కనీసం ఒక్క మంచి ఆటగాడైనా దొరికే అవకాశం సుమారు 58 శాతం. ఆ అవకాశాన్ని వదిలి షికాగో కొన్నది ఆటగాణ్ని కాదు, అతను మరొకరి పాలు కాడన్న నిశ్చింతను. ఆ ధర ఎక్కువని అదే రాత్రి అనవచ్చు, ట్రుబిస్కీ ఒక్క బంతి కూడా విసరకముందే.

నిజాయితీగా మాట్లాడితే ఈ కొలబద్ద కాన్సస్ సిటీకి కూడా వర్తించాలి. 27వ స్థానం నుంచి పదో స్థానానికి రావడానికి ఆ జట్టు ఆ 27వ ఎంపికను, 91వ ఎంపికను, మరుసటి ఏడాది మొదటి రౌండ్ ఎంపికను బఫలోకు ఇచ్చింది. అదీ పెద్ద మొత్తమే. క్వార్టర్‌బ్యాక్ దొరకడం అన్నిటికంటే కష్టం కాబట్టి ఆ స్థానానికి ఎక్కువ ఇవ్వడం న్యాయమేనని వాదించేవారున్నారు, ఆ వాదనలో పస ఉంది. కానీ అది న్యాయమైతే రెండు జట్లకూ న్యాయం, తప్పైతే ఇద్దరిదీ తప్పు. గెలిచినవాడు చేస్తే సాహసం, ఓడినవాడు చేస్తే తెంపరితనం అనడం లెక్క కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 'మహోమ్స్ షికాగోకు వచ్చి ఉంటే' అనే మాటలో ఎవరూ చేయలేని ప్రయోగం దాగి ఉంది. కాన్సస్ సిటీలో అతను మొదటి ఏడాది దాదాపు అంతా అలెక్స్ స్మిత్ వెనుక కూర్చుని నేర్చుకున్నాడు. శిక్షకుడు ఆండీ రీడ్, చుట్టూ గట్టి జట్టు. అదే విత్తనం వేరే నేలలో ఎలా మొలిచేదో చెప్పడానికి పోల్చిచూసే రెండో పొలం లేదు.

మైదానం దాటితే

క్రీడాభిమానుల వాదనలతో నష్టమేముంది అనిపించవచ్చు. కానీ ఇదే అలవాటు ప్రాణాలతో ముడిపడిన చోట్లకూ వస్తుంది. 1988లో జొనథన్ బేరన్, జాన్ హెర్షీ చేసిన అధ్యయనంలో ఒక వైద్యుడి నిర్ణయాన్ని పాల్గొన్నవారి ముందు పెట్టారు. వివరాలన్నీ ఒకటే, రోగి బతికాడా లేదా అన్నదొక్కటే తేడా. ఫలితం మంచిదైతే నిర్ణయానికి మంచి మార్కులు, చెడ్డదైతే తక్కువ మార్కులు పడ్డాయి.

తెలుగు తీరానికి ఇది కొత్త కాదు. 2013 నవంబరులో 'లెహర్' అతి తీవ్ర తుపానుగా ఆంధ్ర తీరం వైపు వచ్చింది. హెచ్చరికలు వెలువడ్డాయి, తీర గ్రామాల ప్రజలను తరలించారు. తీరం చేరేలోపే అది సముద్రంలో నీరసించి, నవంబరు 28న మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా దాటింది. ఇలాంటప్పుడు 'అనవసరంగా కదిలించారు' అనుకోవడం సులువు. కానీ తరలింపు సరైనదా కాదా అన్నది ఆ ముందురోజు ఉపగ్రహ చిత్రాల్లో ఏమి కనిపించిందన్నదాన్ని బట్టి తేలాలి, మరునాటి గాలిని బట్టి కాదు. 70 శాతం అని చెప్పిన సూచనలు వందలో సుమారు 70 సార్లు నిజమైతే ఆ అంచనావేసే పద్ధతి మంచిది. మిగిలిన ముప్పై సార్లు జరిగింది తప్పు కాదు. ఫలితాన్ని మాత్రమే చూసి తిడితే, అధికారులు, వైద్యులు, సెలెక్టర్లు అందరూ ఒక్కటే నేర్చుకుంటారు: సరైనది చేయడం కాదు, తిట్లు తప్పేది చేయడం.

కలం, కాగితం చాలు

ఈ పక్షపాతం ఉందని చెప్పినంత మాత్రాన పోదు. పాల్ స్లోవిక్, ఫిష్‌హాఫ్ 1977లో ఒక విరుగుడు చూపారు: జరిగినదానికి వ్యతిరేకంగా జరిగి ఉంటే దానికి కారణాలేమై ఉండేవో చెప్పమంటే భ్రమ కొంత తగ్గుతుంది. ఇంకా నేరైన మార్గం, నిర్ణయానికి ముందే కారణాలను, అంచనాను అంకెల్లో రాసి తేదీ వేసి పెట్టడం. జ్ఞాపకం తనకు తెలియకుండానే మాట మారుస్తుంది. రాసిన కాగితం మార్చదు.

షికాగో కథలో చివరి మలుపు ఈ పరీక్షకు బాగా పనికొస్తుంది. 2023లో ఆ జట్టుకు మొదటి ఎంపిక దక్కింది. ఈసారి ఎగబాకలేదు, కిందికి దిగింది. మొదటి ఎంపికను కరొలైనాకు ఇచ్చి బదులుగా తొమ్మిదో ఎంపిక, రెండో రౌండ్ ఎంపిక, తర్వాతి ఏళ్ల ఎంపికలు, డీజే మూర్ అనే ఆటగాణ్ని తీసుకుంది. ఆ సీజన్‌లో కరొలైనా లీగ్‌లో అట్టడుగున నిలవడంతో, ఆ జట్టు ఇచ్చిన మొదటి రౌండ్ ఎంపిక 2024లో మొత్తం డ్రాఫ్ట్‌కే మొదటి ఎంపికగా మారింది. దానితో షికాగో కేలెబ్ విలియమ్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది.

ఎంత ముందుచూపు అని మెచ్చుకోవాలనిపిస్తుంది. కానీ కరొలైనా అంత ఘోరంగా ఓడుతుందని బేరం నాడు ఎవరికీ తెలియదు. అది అదృష్టం. ఆ ఎంపిక పదిహేనో స్థానానికి చేరి ఉన్నా ఆ బేరం మంచిదే, ఎందుకంటే తనకు తెలియనిది చాలా ఉందని ఒప్పుకుని చేసిన బేరం అది. విలియమ్స్ రేపు చరిత్ర సృష్టించినా, నిరాశపరిచినా ఆ మాట మారకూడదు.