ఇంటి నుంచి పనిచేసేవారికి వచ్చే ఆ ఫోన్ కాల్

కంపెనీలు ఉద్యోగులను మళ్ళీ ఆఫీసులకు పిలుస్తున్నా, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేసేవారు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. సైబర్ దాడి అనగానే కంప్యూటర్లను బద్దలుకొట్టే మేధావి ఎవరో మనకు గుర్తుకొస్తాడు. జరిగిన సంఘటనలను చూస్తే మాకు కనబడేది వేరు. చాలాసార్లు దొంగ అడుగుతున్నాడు, మనం ఇచ్చేస్తున్నాం.

2020 జూలై 15న ట్విట్టర్‌లో జరిగిందే చూడండి. కోవిడ్ వల్ల ఆ సంస్థ ఉద్యోగులు ఇళ్ళ నుంచి పనిచేస్తున్నారు. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళడానికి వాడే వీపీఎన్ తరచూ మొరాయించేది. దొంగలు ఈ సంగతిని వాడుకున్నారు. ఐటీ విభాగం నుంచి మాట్లాడుతున్నామనీ, వీపీఎన్ సమస్య సరిచేస్తామనీ ఉద్యోగులకు ఫోన్ చేసి, అచ్చం అసలు లాగిన్ పేజీలా ఉన్న నకిలీ పేజీకి పంపారు. ఉద్యోగి అక్కడ పాస్‌వర్డ్ కొడుతుండగానే దొంగ దాన్ని అసలు పేజీలో కొట్టాడు. అప్పుడు లాగిన్‌కు అనుమతి కోరుతూ ఉద్యోగుల ఫోన్లకు నోటిఫికేషన్ వచ్చింది. కొందరు సరేనని నొక్కేశారు. ఆ తరువాత బరాక్ ఒబామా, జో బైడెన్, ఎలాన్ మస్క్ వంటివారి ఖాతాల నుంచి బిట్‌కాయిన్ పంపమని సందేశాలు వెళ్ళాయి. జనం పోగొట్టుకున్నది 1,18,000 డాలర్లకు పైమాటే. సూత్రధారి ఫ్లోరిడాకు చెందిన 17 ఏళ్ళ కుర్రవాడు!

ఆ ఉద్యోగులు తెలివి తక్కువవారు కారు. నిజంగా ఉన్న ఇబ్బందిని తీరుస్తామని ఎవరో మర్యాదగా ఫోన్ చేశారు, నమ్మారు. ఆఫీసులో ఉండి ఉంటే, “ఏమండీ, మీకూ ఐటీ వాళ్ళు ఫోన్ చేశారా?” అని పక్క సీటులోని వారిని అడిగేవారు. ఇంట్లో ఆ పక్క సీటు లేదు. మా దృష్టిలో ఇంటి నుంచి పనిలో ఉన్న పెద్ద లోటు ఇదే. అందుకే అటువంటి ఫోన్ వస్తే పెట్టేసి, సంస్థ డైరెక్టరీలో ఉన్న నంబరుకు మనమే ఫోన్ చేయాలి. అలా చేయడం అమర్యాద ఏమీ కాదు, నిజమైన ఐటీ వారైతే నొచ్చుకోరు. మనం లాగిన్ కాకుండానే అనుమతి కోరే నోటిఫికేషన్ వచ్చిందంటే, మన పాస్‌వర్డ్ ఎవరికో చిక్కినట్టే. వద్దని నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చి, ఆఫీసుకు చెప్పాలి.

రెండవ సంగతి అప్‌డేట్లు. ఇతరుల పాస్‌వర్డ్‌లను భద్రపరచడమే వ్యాపారంగా ఉన్న లాస్ట్‌పాస్ సంస్థలో 2022లో దొంగలు పడ్డారు. సంస్థలో అతి ముఖ్యమైన తాళాలు నలుగురు ఇంజినీర్ల దగ్గరే ఉండేవి. వారిలో ఒకరి ఇంటి కంప్యూటర్‌లో సినిమాలు, పాటల కోసం వాడే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దానిలోని లోపానికి 2020లోనే మరమ్మతు విడుదలైనా ఆ కంప్యూటర్‌లో అప్‌డేట్ కాలేదు. దొంగలు అందులోంచి చొరబడి, ఆయన కొట్టే ప్రతి అక్షరాన్నీ చూసి, ప్రధాన పాస్‌వర్డ్ పట్టేశారు. ఆఫీసు పనికి వాడే కంప్యూటర్‌ను పిల్లల ఆటలకూ ఇంటి వినోదానికీ ఇవ్వకూడదనేది ఇందుకే. ఒకే కంప్యూటర్‌తో సరిపెట్టుకునే కుటుంబాలలో కనీసం పిల్లలకు వేరే యూజర్ ఖాతా పెట్టండి. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, పొడిగింపుకు నమోదు చేసుకున్నవారికే అవి వస్తాయి. మీ పాత ల్యాప్‌టాప్‌లో ఏముందో ఒకసారి చూసుకోండి.

ఇది సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల గొడవ మాత్రమే అనుకునే సంఘ పెద్దలకు ఒక మాట. కానుకల లెక్కలు, సభ్యుల ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ జబ్బో ఏ కుటుంబంలో ఏ కలతో రాసి ఉన్న ప్రార్థన మనవుల జాబితా ఇప్పుడు ఎక్కడున్నాయి? చాలా చోట్ల కార్యదర్శి గారి ఇంటి ల్యాప్‌టాప్‌లో, అదీ పాస్‌వర్డ్ లేకుండా. అవి మనల్ని నమ్మి చెప్పుకున్న సంగతులు. పాస్టరు గారి పేరుతో గిఫ్ట్ కార్డులు కొనిపించే మోసాల గురించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లోనే హెచ్చరించింది. అక్కడి తెలుగు సంఘాలవారూ ఇది గమనించాలి. పాస్టరు గారి పేరున డబ్బు అడిగే సందేశం వస్తే ఆయనకే ఫోన్ చేసి కనుక్కోవాలి.

మోసపోయినవారు చాలామంది సిగ్గుతో దాచుకుంటారు. ఉద్యోగం పోతుందని కొందరికి భయం, ఇంట్లో తిడతారని కొందరికి. తప్పు లింకు నొక్కానని చెప్పిన ఉద్యోగిని అందరి ముందు నిలదీసే మేనేజర్లు తమ సంస్థకే హాని చేస్తున్నారని మేము అనుకుంటున్నాం. తరువాతివాడు చెప్పడు. ఈలోగా దొంగకు కావలసినంత సమయం దొరుకుతుంది.

బ్యాంకు నుంచి డబ్బు పోతే తెల్లవారేదాకా ఆగవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు మారకముందే ఫిర్యాదు అందితే దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. అవమానమనిపించి వాట్సాప్ సందేశాలను చెరిపేయవద్దు. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్లు, ఫోన్ వచ్చిన సమయం ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. పోలీసులు ముందుగా అడిగేవి అవే.