ఎందుకు? ఎట్లా?: తెరుచుకోని కన్ను

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న పాత టాబ్లెట్‌లో అన్నయ్య లినక్సు ఎక్కించాడు. పాటలు, ఆటలు అన్నీ వస్తున్నవి. కెమెరా మాత్రం పనిచెయ్యటం లేదు. అది చెడిపోయినట్టేనా?
గోదావరిఖని పాఠకుడు

జవాబు: అప్పుడే అట్లా అనుకోకు. నిన్నటిదాకా ఫోటోలు తీసిన కెమెరాయే గదా అది! దాన్ని మేలుకొలపటం లినక్సుకు తెలియకపోయి ఉండవచ్చు.

1991లో ఫిన్లండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన కెర్నల్ పేరే లినక్సు. యంత్రంలోని భాగాలన్నిటి చేతా పని చేయించేది కెర్నల్. ఒక్కొక్క భాగంతో మాట్లాడటానికి అందులో ఒక్కొక్క చిన్న ప్రోగ్రాము ఉంటుంది. దానిని డ్రైవరు అంటారు.

మీ ఊళ్ళో బొగ్గుబాయికి వెళ్ళేవారు నేరుగా గనిలోకి దిగరు. ముందు హాజరు వేయించుకుంటారు. తరువాత ల్యాంప్ రూములో టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటారు. ఆ తరువాతనే దిగుతారు. కెమెరాకూ ఇట్లాగే ఒక వరస ఉన్నది. డ్రైవరు ముందు దానికి విద్యుత్తు ఇప్పించాలి. తరువాత గడియారపు టిక్కుల వంటి సంకేతాలు పంపించాలి. ఇవి సెకనుకు కోట్లకొద్దీ ఉంటవి! అప్పుడు మేలుకొలిపే తీగను కదిలించి, "నీ నంబరెంత?" అని అడగాలి. కెమెరా చిప్పు తనలో ఉన్న నంబరు చెబుతుంది. అది సరిపోతేనే బొమ్మ పంపమంటుంది డ్రైవరు.

ఐతే ఒక చిక్కున్నది. ఒకే రకం చిప్పును ఒక టాబ్లెట్‌లో ఒకలా, మరొకదానిలో మరొకలా కలుపుతారు. మేలుకొలిపే తీగ ఏది? బొమ్మ ఎన్ని జతల తీగల మీద వస్తుంది? కెమెరాను తలకిందులుగా బిగించారా? ఈ సంగతులు టాబ్లెట్ తానే సరిగా చెప్పకపోతే, ఎవరో ఒకరు కనిపెట్టి, ఆ మోడల్ పేరుతో కెర్నల్‌లో రాయవలసిందే. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ టాబ్లెట్లు కొన్నిటికి ఇదే జరిగింది. ఆసక్తిగలవారు ఓపికగా వివరాలు సేకరించారు. 2021 నుంచి అవి కెర్నల్‌లో చేరసాగినవి.

ఊహించి మాత్రం రాయకూడదు. చాలా చిప్పులలో ఒక భాగానికి 1.8 వోల్టులు, మరొక భాగానికి 2.8 వోల్టులు కావాలి. పొరపాటున తారుమారైతే, బాగున్న కన్ను నిజంగానే మాడిపోవచ్చు.

కెర్నల్ తాను చేసిన ముఖ్యమైన పనులను ఒక చిట్టాలో రాసుకుంటుంది. అందులో కెమెరా పేరు ఉన్నదేమో మీ అన్నయ్యను చూడమను. పేరుండి, పక్కన తప్పు చూపిస్తే, చిప్పు ఉన్నదని లినక్సుకు తెలుసు, దాన్ని నడిపే వివరాలలో ఏదో లోపం ఉండవచ్చునన్నమాట. కొత్త కెర్నల్ వేస్తే ఆ లోపం తీరవచ్చు. తీరకపోతే, ఆ మోడల్ పేరూ, చిట్టాలోని మాటలూ కెర్నల్ రాసేవారికి పంపాలి. ఆ వివరాలు ఒక్కసారి కెర్నల్‌లో చేరితే, అటువంటి టాబ్లెట్ ఉన్న పిల్లలందరికీ కెమెరా పనిచేస్తుంది.

అందుకే, మీ టాబ్లెట్‌ను అప్పుడే అటక ఎక్కించవద్దు!