రోగమొకటి, మందొకటి



ఇంట్లో పిల్లవాడికి జ్వరం వస్తే మంచి డాక్టరు ముందు నాడి పట్టి చూస్తాడు, నాలుక చూస్తాడు, అవసరమనుకుంటే రక్తపరీక్ష రాస్తాడు. మందు ఆ తరువాతే. చెయ్యి పట్టుకొని చూడకుండానే సంచీడు మాత్రలు చేతిలో పెట్టే వైద్యుని దగ్గరకు మనం రెండవసారి వెళ్ళము. కాని వాకిట్లో ఉన్న కారుకు జబ్బు చేసినప్పుడు మాత్రం మనలో చాలామంది ఈ వివేకాన్ని ఇంట్లో వదిలి షెడ్డుకు వెళ్తున్నారు. మెకానిక్ ఏ సామాను మార్చాలంటే అది మార్పిస్తారు. జబ్బు పోకపోతే ఇంకొకటి మార్పిస్తారు. చివరకు డబ్బు పోయి, మనసు విరిగి, అప్పటివరకు బాబాయ్, అబ్బాయ్ అని పిలుచుకున్నవారు ముఖాలు తిప్పుకుంటారు. ఈ నెల ఈ శీర్షికలో దీనిని గురించి మాట్లాడుకుందాం.

కారు ఇక మన ప్రాంతంలో కలవారి వస్తువు కాదు. గల్ఫ్ దేశాలలో పదేళ్ళు, పదిహేనేళ్ళు కష్టపడి వచ్చినవారు అమలాపురంలోను, రాజోలులోను, కొత్తపేటలోను సెకండ్ హ్యాండుదైనా ఒక బండి కొనుక్కుంటున్నారు. అది షోకు కోసం కాదు. లంక గ్రామంలో అర్ధరాత్రి నొప్పులు వస్తే, పెద్దవారికి గుండెలో నొప్పి వస్తే, ఆ బండే ఆధారం. అటువంటి బండి ఎందుకు ఆగిందో సరిగా తెలుసుకోకపోవడం చిన్న విషయం కాదు.

మేమెరిగిన ఒక కుటుంబం సంగతి చెప్తాము. పేర్లు, ఊరు అవసరం లేదు. కువైట్ నుండి తిరిగి వచ్చిన ఒక సహోదరుడు పాత పెట్రోలు కారు కొనుక్కున్నాడు. అతని తల్లికి వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించాలి. తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరాలి. ఒకరోజు తాళం తిప్పితే బండి సెల్ఫ్ తీసుకోలేదు, టక్ టక్ మని శబ్దం మాత్రం వచ్చింది. మెకానిక్‌ను పిలిచారు. అతడు కూడా అదే సంఘానికి చెందినవాడు, చిన్నతనం నుండి షెడ్డులలో పని నేర్చుకున్నవాడు. చూడగానే “బ్యాటరీ పోయింది” అన్నాడు. 5,200 రూపాయలతో కొత్త బ్యాటరీ వేశారు. బండి స్టార్టయింది.

పది రోజుల తరువాత మళ్ళీ అదే శబ్దం. ఈసారి “సెల్ఫ్ మోటారు” అన్నాడు. దాన్ని విప్పి, బ్రష్‌లు, బుష్‌లు మార్చి బిగించారు. 3,800 రూపాయలు. మూడు వారాలు బాగానే నడిచింది. నాలుగో వారంలో, తల్లిని కారులో కూర్చోబెట్టిన తరువాత, మళ్ళీ టక్ టక్. ఆ రోజు ఆటో దొరికేసరికి గంటన్నర ఆలస్యమైంది. డయాలిసిస్ వరుస తప్పి, ఆమె సాయంత్రం వరకు ఆయాసపడుతూ ఆసుపత్రి బల్ల మీద కూర్చోవలసి వచ్చింది.

తరువాత రావులపాలెంలో వేరే మెకానిక్‌కు చూపించారు. అతడు ఏ సామానూ విప్పలేదు. మల్టీమీటరు తెచ్చి రెండు కొలతలు తీశాడు. మొదటిది బ్యాటరీ రెండు కొనల మధ్య. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. తాళం తిప్పినప్పుడు అది కొంత పడిపోవడం సహజమే గాని, సుమారు 9.6 వోల్టుల కంటె దిగజారితే బ్యాటరీని అనుమానించాలి. ఇక్కడ తాళం తిప్పినా అది 12 దగ్గరే నిలబడింది. అంటే బ్యాటరీలో బలం ఉంది, కాని ఆ బలం బయటకు పోవడం లేదు. రెండవ కొలత బ్యాటరీ నెగెటివ్ కొనకు, ఇంజను దిమ్మకు మధ్య. తాళం తిప్పుతున్నప్పుడు అక్కడ అర వోల్టుకు మించి ఉండకూడదు. మూడు వోల్టులకు పైగా చూపించింది. దారి మూసుకుపోయింది అక్కడే. ఎర్త్ వైరు బోల్టు విప్పి చూస్తే రాగి తీగ అంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పుకాగితంతో ఆ చోటు రుద్ది, కొత్త ఎర్త్ వైరు వేశాడు. 500 రూపాయలు కూడా కాలేదు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. మొదటి రెండుసార్లు బండి ఎందుకు స్టార్టయింది? కొత్త బ్యాటరీ వేసినప్పుడు, సెల్ఫ్ మోటారు విప్పినప్పుడు, ఆ వైరు కూడా కొంచెం కదిలింది. చిలుము కాస్త రాలి, కొద్దిరోజులు కరెంటు పోవడానికి సందు దొరికింది. మెకానిక్ దానిని చూసి తన నిర్ణయం సరైనదే అనుకున్నాడు. బండి నడిచినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. నొప్పి మాత్రతో నొప్పి తగ్గినంత మాత్రాన రోగం నయమైనట్టు కాదు కదా.

సముద్రపు ఉప్పుగాలి, గోదావరి వరదలు, కాలువగట్ల చెమ్మ ఉన్న మన కోనసీమలో ఇటువంటి జబ్బులు సహజం. అంతర్వేది నుండి ఓడలరేవు వరకు తీరానికి దగ్గరగా ఉండేవారికి ఇది బాగా తెలుసు, కిటికీ ఊచలే తుప్పు పడుతుంటాయి. కొబ్బరిచెట్ల కింద రోజుల తరబడి నిలిపిన బండిలో ఎలుకలు వైర్లు కొరకడం కూడా ఉన్నదే. అందుచేత మన ప్రాంతంలో బండి స్టార్టు కాకపోతే ఖరీదైన సామాను మార్చకముందే బ్యాటరీ కొనలు, ఎర్త్ వైరు, కనెక్షన్లు చూడమని అడగడం మంచిది. మల్టీమీటరు లేకపోయినా ఒక చిన్న పరీక్ష ఉంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, బ్యాటరీ నెగెటివ్ కొన నుండి ఇంజను దిమ్మకు లావుపాటి జంపర్ కేబుల్ ఒకటి తగిలించి తాళం తిప్పాలి. బండి వెంటనే అందుకుంటే దోషం ఎర్త్ వైరుదే అని దాదాపు తేలినట్టే. ఇది మెకానిక్ చేతనే చేయించండి.

కొత్త కార్లకు ఇంకొక చిక్కు ఉంది. 2013 ఏప్రిల్ నుండి మన దేశంలో కార్లకు తమ దోషాలను తామే గుర్తుపెట్టుకునే ఓబీడీ ఏర్పాటు రెండవ దశ అమలులోకి వచ్చింది. షెడ్డులో స్కానర్ తగిలిస్తే ఒక కోడు చూపిస్తుంది. చాలామంది ఆ కోడే తీర్పు అనుకుంటారు. అది ఫిర్యాదు మాత్రమే. ఉదాహరణకు పీ 0301 అనే కోడు మొదటి సిలిండరు సరిగా మండడం లేదని చెప్తుంది. కారణం ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, లోపల కంప్రెషన్ తగ్గి ఉండవచ్చు. ఏది అనేది స్కానర్ చెప్పదు. సిలిండరుకొక కాయిల్ ఉన్న బండ్లలో తెలివైన మెకానిక్ మొదటి కాయిల్‌ను రెండవదాని చోట, రెండవదాన్ని మొదటిదాని చోట పెట్టి, కోడు చెరిపి, బండి నడిపి చూస్తాడు. కోడు 0302కు మారితే దోషం కాయిల్‌దే. మారకపోతే కాయిల్ నిర్దోషి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇది చేయకుండా కాయిల్ కొనిపించడం సాక్షిని విచారించకుండా శిక్ష వేయడం వంటిది.

మళ్ళీ మా సహోదరుని దగ్గరకు వద్దాము. రావులపాలెం నుండి వచ్చిన సాయంత్రమే అతడు టీ కొట్టు దగ్గర పదిమందిలో ఆ మెకానిక్‌ను దొంగ అన్నాడు. ఆ మాట రెండు రోజులలో ఊరంతా తిరిగింది. షెడ్డుకు బండ్లు తగ్గిపోయాయి. ఆదివారం రెండు కుటుంబాలు ఎడమొకరు, పెడమొకరుగా కూర్చున్నాయి. ఆడవారు కూడా మాట్లాడుకోవడం మానేశారు. మేము ఇద్దరినీ వేర్వేరుగా కలిసి, తరువాత కలిపి కూర్చోబెట్టాము.

సహోదరుని మాటలో న్యాయం ఉంది. 9,000 రూపాయలు ఖర్చయింది, దానికంటె తల్లి పడిన బాధ ఎక్కువ. మెకానిక్ మాటలో కూడా కొంత నిజం ఉంది. “రేపు డయాలిసిస్ ఉంది, ఏదో ఒకటి చేసి ఇప్పుడే స్టార్టు చెయ్యి అన్నాడండీ. బండి షెడ్డులో ఉంచమంటే ఉంచలేదు” అన్నాడు. పాత బ్యాటరీ మూడున్నరేళ్ళది, ఎలాగూ కొద్దికాలంలో మార్చవలసినదే. అతడు దురాశతో చేయలేదు, మీటరు లేకుండా ఊహతో చేశాడు. అయితే ఊహకు డబ్బు పుచ్చుకోవడం కూడా న్యాయం కాదని మేము అతనితో నిష్కర్షగా చెప్పాము.

చివరకు కుదిరింది ఇది. బ్యాటరీ బండిలోనే ఉంది, వారంటీ ఉంది గనుక ఆ సొమ్ము అడగకూడదు. సెల్ఫ్ మోటారు పనికి తీసుకున్న కూలి 1,500 పూర్తిగా, మిగిలిన సామాను ఖర్చు 2,300లో సగం 1,150, మొత్తం 2,650 రూపాయలు మెకానిక్ తిరిగి ఇవ్వాలి. సహోదరుడు దొంగ అన్న మాటను అదే టీ కొట్టు దగ్గర, అదే మనుషుల ముందు వెనక్కి తీసుకోవాలి. డబ్బు తిరిగి ఇవ్వడానికి మెకానిక్ అరగంటలో ఒప్పుకున్నాడు. మాట వెనక్కి తీసుకోవడానికి సహోదరునికి నాలుగు రోజులు పట్టింది. అయినా తీసుకున్నాడు. ఇప్పుడు అతడు తన బండిని రావులపాలెమే తీసుకొని వెళ్తున్నాడు. అది అతని ఇష్టం. క్షమించినవాడు అక్కడికే బండి తీసుకొనిపోవాలన్న నియమం లేదు. ఆ మెకానిక్ మాత్రం ఒక మల్టీమీటరు కొన్నాడు.

పొరబాటుకు, మోసానికి తేడా ఎలా తెలుసుకోవాలి అని మమ్మల్ని కొందరు అడిగారు. మార్చిన పాత సామాను చూపించమంటే సంతోషంగా చూపించేవాడు, బిల్లు మీద ఏం మార్చాడో రాసి ఇచ్చేవాడు, “నాకు తెలియడం లేదు, వేరేచోట చూపించండి” అనగలిగేవాడు పొరబాటు పడవచ్చు గాని మోసగాడు కాడు. పాత సామాను అడిగితే విసుక్కునేవాడు, వేయని సామానుకు బిల్లు వేసేవాడు, అడగని పని చేసి డబ్బు అడిగేవాడు విషయంలో జాగ్రత్తపడాలి.

కనుక షెడ్డుకు వెళ్ళేముందు జబ్బు లక్షణాలు కాగితం మీద రాసుకోండి. ఉదయమా, ఎండలోనా, వాన తరువాతా, ఎన్ని కిలోమీటర్లు నడిచాక అన్నది రాయండి. “బ్యాటరీ మార్చు” అని మీరే మందు చెప్పకండి, “పొద్దున్న టక్ టక్ అంటోంది” అని జబ్బు చెప్పండి. పరీక్షకు కూలి వేరుగా ఇవ్వడానికి వెనుకాడకండి. మనం పరీక్షకు వంద రూపాయలు ఇవ్వము గనుకనే చాలాచోట్ల సామాను మార్చడమే పరీక్ష అయిపోయింది. ఖర్చు ఎంతవరకు అవుతుందో ముందే రాయించుకోండి, దాటితే ఫోన్ చేసి అడగమనండి. పాత సామాను మీ సంచీలో తెచ్చుకోండి. జబ్బు తిరగబెడితే మొదట ఆ షెడ్డుకే వెళ్ళి, బిల్లు చూపించి, నెమ్మదిగా మాట్లాడండి. ముందుగా ఇద్దరి మధ్యనే తేల్చుకోవాలన్న క్రమం మన పాఠకులకు కొత్త కాదు.

అలా తేలని యెడల చట్టం ఉంది. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. డబ్బు తీసుకొని చేసిన రిపేరులో లోపం ఉంటే అది సేవాలోపం కిందకు వస్తుంది. రెండు సంవత్సరాలలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు నివసించే చోటే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు, చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు లేదు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగవచ్చు. అయితే లోపం జరిగిందని చూపించవలసిన బాధ్యత ఫిర్యాదు చేసినవారిదే అని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అందుకే బిల్లు, పాత సామాను, రెండవ మెకానిక్ రాసి ఇచ్చిన కాగితం, ఈ మూడూ ఉండాలి. చిట్టీ లేని రిపేరుకు కోర్టులో నోరు ఉండదు.

మా పాఠకులలో షెడ్డులు నడిపేవారు కూడా ఉన్నారని మాకు తెలుసు. అన్నలారా, “తెలియదు” అన్న మాటతో మీ పరువు పోదు. వెయ్యి రూపాయల మీటరు పది మంది నమ్మకాన్ని నిలబెడుతుంది. బండి తెచ్చేవారలారా, ఈసారి “ఎంతవుతుంది?” అని అడిగేముందు “ఇదే జబ్బని ఎలా తెలిసింది?” అని ఒక్కమాట మర్యాదగా అడగండి. జవాబు చెప్పగలిగిన మెకానిక్ దొరికితే అతణ్ణి వదులుకోకండి, అడిగిన కూలిలో బేరమూ ఆడకండి.