పెద్దల పంపకాలు, పిలుపులేని దేశాలు

న్యూఢిల్లీ: విదేశాంగ విధానం గురించి రాజధానిలో సాగే చర్చలలో యాల్టా అన్న పేరు మళ్ళీ వినిపిస్తున్నది. 2014లో రష్యా క్రిమియాను తనలో కలుపుకున్న నాటి నుంచీ, 2022లో ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దండయాత్ర జరిపిన తరువాత మరింతగానూ, పెద్ద రాజ్యాలు కూర్చుని చిన్న రాజ్యాల సరిహద్దులను నిర్ణయించే కాలం తిరిగి వచ్చిందా అన్న సందేహానికి ఆ పేరే సంకేతమయింది. యాల్టా ఆ క్రిమియా తీరంలోనే ఉన్న పట్టణం కావడం కాకతాళీయమే. కాని మిత్రులుగా యుద్ధం గెలిచినవారు రెండేళ్ళు తిరగకుండానే బద్ధవిరోధులు ఎట్లా అయినారన్న కథను ఈ సందర్భంలో నెమరువేసుకోవడం అవసరం. ఆ కథలో భారతదేశానికి మాట లేదు. పాత్ర మాత్రం ఉన్నది.

1944 అక్టోబరు 9 రాత్రి మాస్కోలో బ్రిటిష్ ప్రధాని చర్చిల్, సోవియట్ అధినేత స్టాలిన్ సమావేశమయినారు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ అక్కడ లేరు. చర్చిల్ ఒక కాగితం ముక్క మీద కొన్ని అంకెలు వేసి బల్లకు ఆవలివైపు తోశారు. రుమేనియాలో 90 శాతం పలుకుబడి రష్యాది, గ్రీసులో 90 శాతం బ్రిటన్‌ది. యుగోస్లావియా, హంగరీలలో చెరిసగం. బల్గేరియాలో 75 శాతం రష్యాది. స్టాలిన్ నీలి పెన్సిలుతో టిక్కు పెట్టి కాగితాన్ని తిరిగి ఇచ్చారు. కోట్లాది జనుల భవితవ్యాన్ని ఇంత తేలికగా తేల్చామని లోకం అనుకుంటుందేమో, దీనిని తగులబెడదామా అని చర్చిల్ అడిగితే, మీరే ఉంచుకోండని స్టాలిన్ అన్నారట. ఇది ప్రత్యర్థులు మోపిన నింద కాదు. చర్చిల్ స్వయంగా తన యుద్ధ చరిత్రలో రాసుకున్న వృత్తాంతం.

ఆ అంకెలకు త్వరలోనే పరీక్ష ఎదురయింది. అదే ఏడాది డిసెంబరులో, జర్మనులు వైదొలగిన గ్రీసులో, కమ్యూనిస్టుల నాయకత్వంలోని ప్రతిఘటన దళాలకూ బ్రిటిష్ సేనలకూ ఏథెన్స్ వీధులలో పోరు జరిగింది. స్టాలిన్ నోరు మెదపలేదు. గ్రీసుకు పంపిన బ్రిటిష్ సేనలలో నాలుగవ ఇండియన్ డివిజన్ కూడా ఉన్నది. ఏథెన్స్ రేవుపట్టణమైన పైరేయస్‌లో భారతీయ సిపాయిలు పోరాడారు. మాస్కోలో వేసిన 90 అన్న అంకెను నిలబెట్టిన తుపాకులలో కొన్ని మనవారి చేతులలో ఉన్నవి. ఆ అంకె సంగతి వారికి తెలియదు. వారి దేశాన్ని ఎవరూ అడగలేదు.

1945 ఫిబ్రవరి 4 నుంచి 11 వరకు యాల్టాలో ముగ్గురు నేతలూ సమావేశమయినారు. పోలెండ్ అక్కడ ప్రధాన సమస్య. బ్రిటన్ 1939లో యుద్ధంలోకి దిగినది పోలెండ్ నిమిత్తం. ఒక తరంలో రెండుసార్లు జర్మన్ సేనలు రష్యామీదికి వచ్చినది పోలెండ్ మీదుగా. రెండు వాదాలూ అసత్యాలు కావు. అయితే సమావేశం నాటికి ఎర్రసేన పోలెండ్‌ను ఆక్రమించి ఉన్నది. కనుక పోలెండ్ ప్రభుత్వాన్ని విశాల ప్రజాస్వామిక ప్రాతిపదికపై పునర్వ్యవస్థీకరించాలనీ, స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలనీ ఒక వాక్యం కుదిరింది. ఈ వాక్యాన్ని రష్యన్లు ఒప్పందం తెగకుండానే యాల్టా నుంచి వాషింగ్టన్ దాకా సాగదీయగలరని అడ్మిరల్ లేహీ హెచ్చరించగా, తాను చేయగలిగినది ఇంతేనని రూజ్వెల్ట్ బదులిచ్చారు. అదే చోట, చైనా ప్రమేయం లేకుండానే, మంచూరియా రేవులలోనూ రైల్వేలలోనూ సోవియట్ హక్కులకు అంగీకారం కుదిరింది.

ప్రచ్ఛన్న యుద్ధానికి బీజం పడినది ఇక్కడేనని చెప్పవచ్చు. ఒప్పందం లేకపోవడం వలన కాదు. ఒకే మాటను ఇద్దరు రెండు విధాలుగా చదువుకునే ఒప్పందం ఉండడం వలన వైరం ముదిరింది. మాస్కో దృష్టిలో ప్రజాస్వామ్యమంటే తనకు శత్రువు కాని ప్రభుత్వం. వాషింగ్టన్ దృష్టిలో ప్రజాస్వామ్యమంటే పోటీ గల ఎన్నిక. 1947 జనవరిలో పోలెండ్ ఎన్నికలు బలప్రయోగం, అక్రమాల మధ్య జరిగినప్పుడు, ఒకరికి అది భద్రత, మరొకరికి మోసం అయింది.

ఈలోగా పాత్రధారులూ మారారు. రూజ్వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మరణించారు. జూలై 17న పోట్స్‌డామ్‌లో సమావేశం మొదలైన తరువాత, ఎన్నికలలో ఓడిన చర్చిల్ స్థానంలోకి ఆట్లీ వచ్చారు. యాల్టా త్రయంలో స్టాలిన్ ఒక్కరే మిగిలారు. కొత్త వినాశకాస్త్రం ఒకటి తమ చేతికి వచ్చిందని జూలై 24న ట్రూమన్ ఆయనతో క్లుప్తంగా అన్నారు. 1946 ఫిబ్రవరి 22న మాస్కోలోని అమెరికా దౌత్యాధికారి కెన్నన్, సోవియట్ విస్తరణ స్వభావాన్ని వివరిస్తూ సుదీర్ఘమైన తంతి పంపారు. సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి నోవికోవ్, అమెరికా ప్రపంచాధిపత్యాన్ని కోరుతున్నదని తన ప్రభుత్వానికి రాశారు. రెండు లేఖలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకదానికి మరొకటి అద్దంలో ప్రతిబింబంలా కనిపిస్తుంది.

1947 ఫిబ్రవరిలోని రెండు రోజులు మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినవి. 20వ తేదీన ఆట్లీ, 1948 జూన్‌లోగా భారతదేశంలో అధికారం బదిలీ చేస్తామని పార్లమెంటులో ప్రకటించారు. మరునాడు, 21న, గ్రీసు, టర్కీలకు సహాయం ఇక కొనసాగించలేమని బ్రిటన్ అమెరికాకు తెలియజేసింది. ఈ రెండు నిర్ణయాల వెనుకా ఉన్న బొక్కసం ఒక్కటే, అది ఖాళీ. యుద్ధాంతానికి బ్రిటన్ మన దేశానికే సుమారు 130 కోట్ల పౌన్లు బాకీపడి ఉన్నది. మన స్వాతంత్ర్యం దీర్ఘపోరాట ఫలితమన్నది నిర్వివాదాంశం; ఆ పోరాటాన్ని ఇక అణచిపెట్టే శక్తి సామ్రాజ్యానికి మిగలలేదన్నదీ అంతే నిజం. బ్రిటన్ వదలిన చోటికి అమెరికా వచ్చింది. మార్చి 12న ట్రూమన్ గ్రీసు, టర్కీల కోసం 40 కోట్ల డాలర్లు కోరారు. పదకొండు రోజుల తరువాత ఢిల్లీలో, పురానాఖిల్లాలో, ఆసియా దేశాల సమ్మేళనం ప్రారంభమయింది.

ఆ సమ్మేళనం వెనుక ఉన్న మనఃస్థితి శూన్యంలోంచి పుట్టినది కాదు. 1939లో భారత ప్రజాప్రతినిధులను సంప్రదించకుండానే వైస్రాయి మన దేశాన్ని యుద్ధంలోకి దించారు. 25 లక్షలకు పైగా భారతీయులు సైన్యంలో చేరారు. అయినా 1945లో శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్ళిన భారత ప్రతినిధులను ఎంపిక చేసినది బ్రిటిష్ ప్రభుత్వమే. పోట్స్‌డామ్‌లో ఇండోచైనాను 16వ అక్షాంశం వద్ద విభజించగా, దక్షిణ భాగంలో జపాన్ లొంగుబాటు స్వీకరించడానికి సైగాన్ వెళ్ళినది ఇరవయ్యవ ఇండియన్ డివిజన్. ఇండొనేషియాలో సురబయాలో స్వాతంత్ర్య వీరులతో తలపడవలసి వచ్చినవారూ భారతీయ సైనికులే. 1946 సెప్టెంబరు 7న నెహ్రూ రేడియో ప్రసంగంలో, పరస్పరం మోహరించిన అధికార కూటములకు వీలైనంత దూరంగా ఉంటామని ప్రకటించినప్పుడు, దాని వెనుక ఉన్నది ఆదర్శం మాత్రమే కాదు. ఇతరుల నిర్ణయానికి మన నెత్తురు ఖర్చయిన అనుభవం ఉన్నది.

ఆ విధానం నిష్కళంకమని అనలేము. 1956లో సూయజ్ విషయంలో గట్టిగా పలికిన ఢిల్లీ స్వరం, హంగరీ విషయంలో అంత గట్టిగా పలకలేదు. 1954లో పాకిస్తాన్ అమెరికాతో సైనిక సహాయ ఒప్పందం చేసుకున్న తరువాత కూటముల వైరం మన గుమ్మంలోకే వచ్చింది. 1971 ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో మనమూ ఒప్పందం చేసుకోక తప్పలేదు.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. పిలుపులేని దేశంగా మనం నేర్చుకున్న పాఠాన్ని, పిలిచే స్థితికి వచ్చిన తరువాత ఎంతవరకు పాటించామన్నది పొరుగువారు అడిగే ప్రశ్న. 1987 జూలైలో కుదిరిన భారత-శ్రీలంక ఒప్పందంపై ఉభయ ప్రభుత్వాలూ సంతకాలు చేశాయి. తమిళ సంస్థలేవీ చేయలేదు. ఆ ఒప్పందాన్ని అమలుపరచబోయి వెయ్యిమందికి పైగా భారతీయ సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 2020 ఫిబ్రవరిలో దోహాలో అమెరికా, తాలిబాన్ సంతకాలు చేసిన ఒప్పందంలో కాబూల్ ప్రభుత్వం భాగస్వామి కాదు. పద్ధెనిమిది నెలలు తిరగకముందే ఆ ప్రభుత్వం కూలిపోయింది.

కనుక యాల్టాను తలచుకున్నప్పుడు, మరోసారి అటువంటి పంపకం జరిగితే ఢిల్లీకి ఆ బల్ల వద్ద చోటు దక్కుతుందా అని మాత్రమే ఆలోచించడం చాలదు. ఎవరి ఇంటిని గురించి మాట్లాడుతున్నారో ఆ ఇంటివారు లేని చోట కుదిరిన శాంతి నిలవదని మన సిపాయిల సమాధులు ఏథెన్స్ నుంచి ఆగ్నేయాసియా వరకు చెబుతున్నవి. ఆ మాటను ఇతరులకు చెప్పే అర్హత మనకు ఉన్నది. దానిని నిలుపుకోవడం మాత్రం ఖాట్మండూలో, కొలంబోలో, ఢాకాలో మనం ఎట్లా మెలగుతామన్న దానిమీద ఆధారపడి ఉన్నది.