డ్రమ్ము ఊడింది సరే, దుమ్మెవరిది?

అమెరికాలో పాత పికప్ ట్రక్కుల్ని బాగుచేసుకోవడం చాలామంది మగవాళ్ళకి వ్యాపకం. దాని చుట్టూ తాత ట్రక్కు, తండ్రి షెడ్డు, కొడుకు చేతికొచ్చిన స్పానర్ అంటూ బోలెడు కథలు. ఆ కథల్లో ఆడవాళ్ళు కాఫీ ఇచ్చి లోపలికెళ్ళిపోతారు. అందుకే, నా స్నేహితురాలికి తండ్రి నుంచి వచ్చిన 1966 నాటి షెవర్లే వెనక బ్రేకు డ్రమ్ముల్ని మేమిద్దరమే విప్పినప్పుడు నాకు గర్వంగానే అనిపించింది. ముందు చక్రాలకి అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపాం. చక్రం తీసినా డ్రమ్ము కదల్లేదు. తుప్పు పట్టి ఉంది. పైగా అరిగిన డ్రమ్ము అంచులో షూలు చిక్కుకున్నాయి. లోపలి పళ్ళచక్రాన్ని తిప్పి షూలని వెనక్కి రప్పించి, సుత్తితో చుట్టూ తట్టాక ఊడింది. దీనికి కావలసింది ఓపికే తప్ప మగతనం కాదు.

కానీ నా తగువంతా ఆ గర్వంతోనే. లోపల బూడిదరంగు దుమ్ము. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాన్ని ఊదకూడదు, పొడిగా దులపకూడదు. తడిపి తుడిచాం. అప్పుడు చెప్పింది తను: నాన్న గాలి కొట్టి శుభ్రం చేసేవాడట. ఆ బట్టల్ని అమ్మ పెరట్లో దులిపి ఉతికేదట.

ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీ గడప తొక్కకుండానే, అందులో పనిచేసే భర్తల బట్టలు ఉతికిన భార్యలకి మెసోథీలియోమా అనే కేన్సర్ వచ్చిందని 1965లోనే లండన్ అధ్యయనంలో మ్యూరియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ రాశారు. బ్రేకు పనిలో దుమ్ము లేవకుండా చూడాలని 1994లో అమెరికా నిబంధనలు పెట్టింది. అవి యజమాని దగ్గర పనిచేసే కార్మికులకే. సొంత షెడ్డుకి వర్తించవు. 2024లో క్రిసొటైల్ ఆస్‌బెస్టాస్‌ని నిషేధించింది. పాత డ్రమ్ముల్లో ఉన్నది మాత్రం అక్కడే ఉంది.

'ఆడవాళ్ళూ స్పానర్ పట్టగలరు' అని మనం చప్పట్లు కొట్టుకుంటే సరిపోతుందా? స్పానర్ పట్టినవాళ్ళకి కథలో చోటు దొరుకుతుంది. బట్టలుతికిన చెయ్యి ఏ కథలోకీ రాదు. ఎవరి చాకిరీని పని అనాలో పితృస్వామ్యం చెప్పినట్టే మనమూ ఒప్పుకుని, అందులో వాటా ఒక్కటే అడుగుతున్నాం. డ్రమ్ము విప్పడం గురించి రాసే ప్రతి మగవాణ్ణీ, మనల్నీ కూడా నేను అడిగేది ఒక్కటే: ఆ రోజు వేసుకున్న బట్టలు ఎవరు ఉతికారు?