ఎన్ని గంటలు చదివావు?

పదో తరగతికి రాగానే ఇంటికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ అడిగే ప్రశ్న ఒకటుంది: "రోజుకు ఎన్ని గంటలు చదువుతున్నావు?" ఏం అర్థమైందని అడిగేవారు అరుదు. గంటలు కొలవడం సులువు కదా! నా మటుకు నాకు ఆ కొలతే పొరపాటనిపిస్తుంది.

చార్లెస్ డార్విన్ సంగతి చూడండి. 1842లో ఆయన ఇంగ్లండులో తన ఇంటి దగ్గరి పొలంలో సుద్దముక్కలు చల్లించారు. అక్కడ కందకం తవ్వించి చూసింది 1871లో! ఆ 29 ఏళ్ళలో వానపాములు అడుగు మట్టిని తెచ్చి పైన పోయగా, సుద్ద 7 అంగుళాల లోతుకు దిగిపోయింది. వానపాములపై ఆయన పుస్తకం వెలువడింది 1881లో.

ఈలోగా ఊరికే కూర్చోలేదు. జాతుల పుట్టుకపై గ్రంథం 1859లోనే వచ్చింది. అయినా ఆయన రోజుకు గట్టిగా పనిచేసింది సుమారు నాలుగు గంటలేనని కుమారుడు ఫ్రాన్సిస్ రాసిన దినచర్యను బట్టి తెలుస్తుంది. మిగతా వేళల్లో ఉత్తరాలు, నడక, విశ్రాంతి. (ఉద్యోగం అవసరం లేని సంపన్నుడు కనుక సాగింది, నిజమే.)

మీరు 29 ఏళ్ళు ఆగనక్కరలేదు. ఈ వానాకాలం పెరట్లో ఒక చదరపు మీటరు నేల గుర్తుపెట్టుకుని, రోజూ ఉదయం వానపాములు వేసిన మట్టికుప్పలు లెక్కించి రాసుకోండి. ఎవరైనా గంటల లెక్క అడిగితే ఆ నోటుపుస్తకం చూపించండి.