బేకన్ పోపు

మొన్న ఆదివారం మా ఇంట్లో ఉప్మా మిగల్లేదు. మామూలు ఇళ్ళలో ఇది వార్త కాదు. కానీ పొయ్యి మీద రవ్వ వేగుతున్న వాసన రాగానే పిల్లలిద్దరికీ ఒకేసారి కడుపునొప్పి వచ్చే ఇల్లు మాది. అమ్మాయికి 13, అబ్బాయికి 9. అలాంటి వాళ్ళు గిన్నె అడుగున పట్టిన మాడు కూడా గరిటెతో గోకి తిన్నారు. నేను కొత్తగా చేసిందల్లా నాలుగు పట్టీల బేకన్ వేయడమే. దానికి "బేకుప్మా" అని మావాడు పేరు కూడా పెట్టేశాడు.

బేకన్ అనగానే కొంతమంది ముక్కు మూసుకుంటారని తెలుసు. తినమని ఎవరినీ అనడం లేదు. మా అత్తగారే తినరు, ఆవిడ సంగతి తర్వాత చెప్తాను. నేను చెప్పదలచుకున్నది వంటింట్లో ఆడుకోవడం గురించి. అది నాకు బేకన్ వల్ల తెలిసింది కాబట్టి దాని గురించే రాయాలి.

మేముండేది అమెరికాలో, ఒహాయోలో ఉన్న కొలంబస్ ఊరి శివార్లలో. మూడేళ్ళుగా మా ఇంట్లో రాత్రిపూట రెండు వంటలు. మా వారికీ నాకూ అన్నం, పప్పు, కూర. పిల్లలకి పాస్తానో, టోస్టో, ఏదో ఒకటి. చేసీ చేసీ నాకు హోటల్లో పనిచేస్తున్నట్టుండేది, టిప్పు కూడా లేకుండా. పోనీ అందరం కలిసి కూర్చుంటామా అంటే అదీ లేదు. అమ్మాయి సీరియల్ గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఆ తలుపు చప్పుడు నాకెంత బాధగా ఉండేదో, మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే వేరే చెప్పక్కర్లేదు.

ఒకరోజు అది స్నేహితురాలింట్లో రాత్రి ఉండి పొద్దున్నే వచ్చింది. "అమ్మా, వాళ్ళింట్లో బేకన్ తిన్నాను, మనింట్లో ఎందుకు చేయవు?" అంది. తిడతానేమోనన్న భయమైతే మొహంలో కనిపించింది కానీ, అడగడం మాత్రం సూటిగానే అడిగింది. నేను మా వారి వంక చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. పదేళ్ళుగా ఆఫీసు పని మీద ఊళ్ళు వెళ్ళినప్పుడల్లా హోటల్ టిఫిన్లలో ఈయన బేకన్ తింటూనే ఉన్నారట! "నువ్వడగలేదు, నేను చెప్పలేదు" అన్నారు. అదండీ సంగతి. ఇంట్లో ముగ్గురికి ముగ్గురం ఒక్కొక్కరం ఒక్కో రహస్యం పెట్టుకుని, ఒక్కో చోట ఒక్కో తిండి తింటున్నాం. నా రహస్యం కూడా చెప్పేస్తాను. రెండో వంట చేశాక నాకు ఆకలి చచ్చిపోయి, చాలా రాత్రులు సింకు దగ్గర నిలబడి పెరుగన్నం తినేసేదాన్ని.

సరే, ఒక ప్యాకెట్ తెచ్చాను. ఎప్పుడూ చూడనివారి కోసం చెప్తున్నాను. ఇది పంది పొట్ట దగ్గరి మాంసం. ఉప్పు, కొంచెం పంచదార, రంగు మారకుండా, పాడవకుండా నైట్రైట్ పట్టించి, పొగబెట్టి, పల్చటి పట్టీల్లా కోసి అమ్ముతారు. ఇంగ్లండులో ఉండే మా చెల్లెలు చూపించేది వేరే రకం, అక్కడ ఎక్కువగా వీపు దగ్గరి మాంసం వాడతారు, కొవ్వు తక్కువ. ఇక్కడి పట్టీల్లో సగానికి సగం కొవ్వే. ఆ సంగతి తెలియక మొదటిసారి మన అలవాటు ప్రకారం మూకుడు బాగా కాచి, నూనె పోసి, అందులో వేశాను. పైపైన మాడిపోయింది, లోపల సాగింది, ఇల్లంతా పొగ. స్మోక్ అలారం కూతకి పక్కింటాయన తలుపు కొట్టాడు.

అప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. ఆవిడది నరసాపురం దగ్గర పల్లెటూరు. కోడి, చేప తింటారు, ఇది మాత్రం ముట్టరు. శనివారాలు ఏదీ ముట్టరు. ఆవిడ పెట్టిన షరతులు రెండే. "నా గిన్నెల జోలికి రావద్దు. శనివారం వద్దు." నాకు న్యాయంగానే అనిపించాయి. ఒక ఇనప పాన్ విడిగా పెట్టుకున్నాను, ఇప్పటికీ అదే వాడతాను.

ఆ పొగలో కిటికీలు తీస్తూ ఆవిడే అన్నారు, "ఇదేమన్నా కూరా అమ్మాయ్, ప్లేటు నిండా వండుకోవడానికి? ఆ ఉప్పూ, ఆ వాసనా చూస్తే మన ఎండు రొయ్యల్లాంటిదే. సొరకాయలో గుప్పెడు ఎండు రొయ్యలు పడితే కూరంతా రొయ్యల కూరే కదూ?"

అంతే. నాకు లైటు వెలిగింది. ఇక్కడివాళ్ళు దీన్ని గుడ్ల పక్కన విడిగా పెట్టుకుని తింటారు కాబట్టి మనమూ అలాగే తినాలనుకున్నాను. కానీ ఉప్పుచేప, ఎండు రొయ్యలు, వడియాలు, ఇంగువ, ఇవన్నీ మనకి తెలిసినవేగా! కొంచెం వేస్తే గిన్నెడు కూరకి ప్రాణం వస్తుంది. బేకన్‌ని ఆ వరసలో నిలబెట్టాక దాంతో ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పద్ధతి ఇంతే. చల్లటి పాన్‌లో, నూనె చుక్క లేకుండా, వంటింటి కత్తెరతో పట్టీలను బొటనవేలి గోరంత ముక్కలుగా కత్తిరించి వేయాలి. చిన్న మంట. నెమ్మదిగా కొవ్వు కరిగి బయటికొస్తుంది, ముక్కలు దాంట్లోనే వేగుతాయి. ఇంకాస్త మెత్తగా ఉండగానే తీసేయాలి, చల్లారితే వాటంతటవే గట్టిపడి కరకరలాడతాయి. పాన్‌లో మిగిలిన కొవ్వులో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు. ఇక ఆ వాసన మాటల్లో చెప్పలేను. కరివేపాకు, పొగ వాసన అన్నదమ్ముల్లా కలిసిపోతాయి. కొవ్వు ఎక్కువైతే గాజు సీసాలోకి వంచండి, సింకులో మాత్రం పోయకండి. గొట్టంలో గడ్డకట్టి పూడుకుపోతే ఇక్కడ ప్లంబరుకిచ్చే డబ్బుతో నెల కూరగాయలొస్తాయి.

బేకుప్మాకి ఆ పోపులోనే ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి వేసి, రవ్వ కూడా దాంట్లోనే వేయించి, గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల మరిగే నీళ్ళు పోస్తాను. ఉప్పు సగమే, రుచి చూశాక కావాలంటే మిగతాది. వేగిన ముక్కలు దింపాక పైన చల్లాలి, ముందే కలిపితే మెత్తబడిపోతాయి. క్యాబేజీ అయితే ఇంకా సులువు. అదే పోపులో పెద్ద మంట మీద ఐదారు నిమిషాలు, దించాక నిమ్మకాయ పిండడమే. పెసరట్టు మాత్రం అమ్మాయి కనిపెట్టింది. ఇక్కడి పాన్‌కేకుల్లా చిన్న చిన్నవి పోసి, ఉల్లిపాయ ముక్కలు చల్లే చోట బేకన్ చల్లి తిరగేసింది. అల్లం పచ్చడిలో బెల్లం అయిపోతే మేపుల్ సిరప్ పోసింది! నేను అడ్డుపడబోయి నోరు మూసుకున్నాను. ఏమాటకామాట, బెల్లం కన్నా బాగుంది.

అన్నీ ఇలా కుదిరాయని కాదు. సాంబారులో వేశాం ఒకసారి. పొగ వాసన, ఇంగువ వాసన ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. ముక్కలు నానిపోయి రబ్బరు బ్యాండ్లలా తేలాయి. ఉప్పు సంగతి సరేసరి. మా వారు మాట్లాడకుండా రెండు గరిటెలు పోసుకుని, మాట్లాడకుండానే లేచి మజ్జిగ తెచ్చుకున్నారు. పిల్లలు మాత్రం నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నారు. అమ్మ చేసింది పాడవడం వాళ్ళు అంత దగ్గర్నుంచి చూడ్డం అదే మొదటిసారి మరి. ఆ రాత్రి అమ్మాయి తలుపేసుకోలేదు. బ్రెడ్డు కాల్చుకుని నలుగురం వంటింటి గట్టు మీదే కూర్చున్నాం.

నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. మనకి వంట నేర్పినవాళ్ళు దాన్ని పరీక్షలాగా నేర్పారు. పులిహోర ఇలాగే ఉండాలి, పప్పు ఇంతే ఉడకాలి, చుట్టాలొస్తే మార్కులు వేస్తారు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో గొడవ. ఎవరేం చేసి ఫోటో పెట్టినా "ఇది అసలుసిసలు పద్ధతి కాదండీ" అని ఒకరు తయారు. అసలుసిసలుది ఏది తల్లీ? మన గోంగూర పచ్చడిలో ఎండుమిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. మనం రోజూ చారులో పిసికే టమాటాది కూడా ఆ ఖండమే. దాన్ని రామములక్కాయ అని పేరు పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్న ఆవిడెవరో, వాళ్ళత్తగారు ఆవిణ్ణి ఏమని ఉంటుంది? కొలంబస్ అటు వెళ్ళకపోతే ఇవి మన దాకా వచ్చేవి కావేమో. ఇప్పుడు ఆయన పేరు పెట్టుకున్న ఊళ్ళో కూర్చుని ఉప్మాలో బేకన్ వేస్తే తప్పొచ్చిందా? బీరకాయ తొక్కులు పారేయకుండా పచ్చడి చేసిన మనిషి కూడా ఆరోజు ఆడుకునే ఉంటుంది, లేదా ఇంట్లో ఇంకేం లేక తంటాలు పడి ఉంటుంది. మన వంటల్లో సగం అలా పుట్టినవే అని నా అనుమానం.

ఇదంతా చదివి రోజూ చేయడం మొదలుపెట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో బేకన్ లాంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. రోజుకి 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం దాకా పెరుగుతుందని చెప్పింది. వేగాక ఒక పట్టీ 10 గ్రాములు కూడా తూగదు. మా ఇంట్లో నలుగురికి నాలుగు పట్టీలు, అదీ రెండు వారాలకోసారి. మిగిలిన ప్యాకెట్ నాలుగేసి పట్టీలు చుట్టి ఫ్రీజర్లో పెట్టేస్తాను. అత్తయ్యగారు చెప్పిన ఎండు రొయ్యల లెక్క ఆరోగ్యానికీ సరిపోయింది.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కిందటి నెల తెలుగువాళ్ళ విందుకి ఆ క్యాబేజీ తీసుకెళ్ళాను. గిన్నె ముందు కార్డు మీద "బేకన్ ఉంది" అని రాసి పెట్టాను. ఒకావిడ వడ్డించుకుంటూ, "మేం పోర్క్ తినమండీ, బేకన్ అయితే తింటాం" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొస్తుంటే కారులో అమ్మాయి అడిగింది, "బేకన్ అంటే పోర్కే కదమ్మా, ఆంటీకి తెలీదా?"

తెలుసు. మనందరికీ తెలుసు. ఇంగ్లీషులో అంటే టిఫిను, తెలుగులో పంది మాంసం అంటే తిట్టు. మా ఊళ్ళో పందుల్ని పెంచేవాళ్ళ ఇళ్ళు ఊరి చివర ఉండేవి. ఆ ఇళ్ళ పిల్ల ఒకతె నాతో ఆరో తరగతి చదివింది. లెక్కల్లో నాకన్నా చురుకు. మధ్యాహ్నం తను క్యారేజీ మూత తీస్తే చుట్టూ ఉన్నవాళ్ళం దూరం జరిగేవాళ్ళం. అందులో ఏముందో ఎవరూ చూసింది లేదు, పప్పన్నమే అయ్యుండొచ్చు. కొన్నాళ్ళకి తను చెట్టు వెనక్కి వెళ్ళి తినడం మొదలుపెట్టింది. ఇదంతా అమ్మాయికి చెప్పాను. "నువ్వు కూడా జరిగావా?" అని అడిగింది. జరిగాను అన్నాను. అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటి ముందు కారు ఆగాక, "అయితే మనం దీన్ని తెలుగులోనే అందామమ్మా" అంది.

వంటింట్లో ఇద్దరూ కలిసి రాసుకునే నోటుపుస్తకం ఒకటుంది, కొలతలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ఆ రాత్రి దాంట్లో క్యాబేజీ పేరు కొట్టేసి "పంది మాంసం క్యాబేజీ" అని రాసింది. తెలుగు రాయడం ఇప్పుడిప్పుడే వస్తోంది, సున్నా మర్చిపోయి "పది మాంసం" అయింది. నేను దిద్దబోతే, అది దిద్దుకుంటుందిలే అన్నారు మా వారు. దిద్దుకుంది.

అత్తయ్యగారు వచ్చే నెలలో మళ్ళీ వస్తున్నారు. ఈసారి సొరకాయలో వేయడానికి ఎండు రొయ్యలు తెస్తానంటే, కస్టమ్స్‌లో ఏమంటారో కనుక్కుంటానని చెప్పాను. ఈలోగా ఆదివారం వంతు మావాడిది. అరటిపండు చుట్టూ బేకన్ చుట్టి కాలుస్తాడట. పైన కారప్పొడి చల్లుతాడట. స్మోక్ అలారానికి బ్యాటరీ మార్చమని మా వారికి చెప్పాను.